నాడి పట్టే వేలు

అమెరికా సరిహద్దు మీదున్న మా మెక్సికో ఊరు మెహికాలీలో నేలలకు ఎపాక్సీ పూత వేసేవాళ్లెవరూ డబ్బా మీద రాసింది నమ్మరు. కలిపిన మందు ముప్పావు గంట ఆగుతుందని దాని మీద ఉంటుంది. రాసినవాడు ఏ చల్లటి గదిలోనో కూర్చుని రాసుంటాడు, పాపం. వాణ్ణి తీసుకొచ్చి జూలైలో మా ఊరి రేకుల షెడ్డులో నిలబెడితే మందు సంగతి తర్వాత, ముందు వాడే కరిగిపోతాడు. రెండు డబ్బాల మందూ, మొదటిదాన్లో జిగురూ రెండోదాన్లో దాన్ని గట్టిపరిచేదీ, బకెట్లో కలిశాక అది తనంతట తానే వేడెక్కడం మొదలుపెడుతుంది. పైన ఎండ, కింద సిమెంటు సెగ. చూస్తుండగానే తేనెలా ఉన్నది బంకవుతుంది, బంక కాస్తా రాయవుతుంది. ఒక్కోసారి బకెట్ పొగలు కక్కుతుంది. అప్పటికి సగం నేల పూత పడి ఉంటే ఆ సగమూ పాడైనట్టే. ఆరిన అంచు మీద తడి పూత కలిసినచోట మచ్చ పడుతుంది, ఆ మచ్చ నేల ఉన్నంతకాలం ఉంటుంది.

అందుకే మాకు నాడి చూసేవాడు కావాలి. ఇది మా పనివాళ్ల మాట. కలిపిన మందులో చూపుడువేలి కొస ముంచి, బొటనవేలితో రాసి, రెండు వేళ్లనీ మెల్లగా విడదీస్తే మందు దారంలా సాగుతుంది. ఆ దారం ఎక్కడ తెగింది, వేలికి ఎంత వెచ్చగా తగిలింది అన్నది పట్టుకుని, ఈ బకెట్ ఎన్ని పట్టీల నేలకి వస్తుందో, ఎక్కడ ఆపేయాలో చెప్పాలి. మా లోయ మొత్తంలో ఆ పని లిబ్రాదో ఒసెగెరా చేసినట్టు ఇంకెవరూ చెయ్యలేదు. నా పేరు నబోర్, నేను గ్రైండర్ తోసేవాణ్ణి. పూతకు ముందు సిమెంటు పైపొర అరగదీసి ఆ దుమ్ము మింగడం నా వంతు. ఆ దుమ్ములోంచే లిబ్రాదోని ఏళ్ల తరబడి చూశాను. వాడి కూతురు మక్లోవియాకి చర్చిలో నీళ్లు చల్లిన రోజు ఎత్తుకుని నిలబడిన జ్ఞానపితని నేనే. అంచేత మేమిద్దరం కొంపాద్రేలం. అన్నదమ్ముల కంటే కాస్త ఎక్కువగా తిట్టుకోగల వరస అది.

లిబ్రాదో భారీ మనిషి. రోడ్డు మీద నడిస్తే ఆయాసపడేవాడు. మేకుల చెప్పులు తగిలించుకుని తడి పూత మీద అడుగుపెడితే మాత్రం చప్పుడు కూడా వచ్చేది కాదు. తండ్రి పత్తి చేలల్లో కూలి చేశాడు. వీడు గోడలకి సున్నం కొట్టడంతో మొదలుపెట్టి, ఫ్యాక్టరీలు వచ్చాక నేలల్లోకి దిగాడు. మాట తక్కువ, గర్వం ఎక్కువ. ఆదివారాలు పెళ్లాన్నీ కూతుర్నీ తీసుకుని కార్లు అమ్మే దుకాణానికి వెళ్లి, మూసి ఉన్న అద్దాల్లోంచి లోపలి నేల చూపించేవాడు. జనం కార్లు చూడటానికి పోతారు, వీడు కార్ల కింద ఉన్నది చూడటానికి పోయేవాడు. పెద్ద భూకంపం వచ్చిన రోజు అందరం పిల్లల్ని లెక్కపెట్టుకుంటుంటే, వీడూ లెక్కపెట్టుకుని, వెంటనే సైకిలేసుకుని తన నేలలు పగిలాయేమో చూసి రావడానికి బయల్దేరాడు.

మందు ఎప్పుడూ సాయంత్రం పూటే కలిపేవాళ్లం. నేల వేడెక్కే వేళ పూస్తే సిమెంటు లోపలి గాలి పైకొచ్చి పూతంతా బొబ్బలెక్కుతుంది. చల్లబడే వేళ పూస్తే గాలి లోపలే ఉంటుంది. మిక్సర్ ఆగగానే త్రీనో కేకేసేవాడు. మా ముఠాలో మందు కలిపేవాడూ, అందర్నీ ఏడిపించేవాడూ త్రీనోయే.

"మేస్త్రీ, రోగి సిద్ధం."

లిబ్రాదో తాపీగా వచ్చి, వంగి, వేలు ముంచేవాడు. రోలర్లు పట్టుకున్నవాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లు. పక్కనుండే ఫ్యాక్టరీ మేనేజర్లు కూడా ఆ కాసేపు నోరు మూసుకునేవాళ్లు.

"నాలుగు పట్టీలు. ఐదోదానికి ఆశపడకండి."

ఐదోదానికి మేం ఎప్పుడూ ఆశపడలేదు.

పనయ్యాక థిన్నర్ డబ్బా చుట్టూ చేరి చేతులు కడుక్కోవడం మా అలవాటు. థిన్నర్ చర్మానికి చల్లగా తగులుతుంది, ఆ వేడిలో అదొక సుఖం. జిడ్డు ఇట్టే వదిలేది. దాంతోపాటు చర్మం లోపలికి ఏం దిగేదో మేం ఆలోచించలేదు. ఆ చేతులతోనే ఎండుమాంసం చుట్టిన రొట్టెలు తినేవాళ్లం. గ్లవ్స్ లేవని కాదు. వ్యాన్లో అట్టపెట్టె నిండా ఉండేవి. వేసుకున్న కాసేపటికే చెమటతో నిండిపోయేవి. త్రీనో ఒకసారి గ్లవ్ విప్పి నీళ్లు కుమ్మరించి చూపించి, "మేస్త్రీ, ఇందులో రొయ్యలు పెంచుకోవచ్చు" అన్నాడు. లిబ్రాదోకైతే గ్లవ్స్ మాటెత్తితేనే కోపం. "డాక్టరు గోడ అవతల నిలబడి నాడి చూస్తాడా?" అనేవాడు.

మొదటి గుర్తు ఉల్లికాడల షెడ్డులో కనిపించింది. సరిహద్దు అవతలికి పంపే ఉల్లికాడల్ని కడిగి కట్టలు కట్టే చోటు అది. పూత పని ముగించి రొట్టెలు తింటున్నాం. లిబ్రాదో నములుతూ నములుతూ వేళ్ల సందులు ప్యాంటుకేసి రుద్దుకుంటున్నాడు.

"ఏంటి కొంపాద్రే, గజ్జా?" అన్నాను.

"ఉల్లి ఘాటు. గోడల్నిండా అదేగా."

"ఉల్లికి కళ్లు మండాలి గానీ వేళ్లు దురదపెట్టడం ఏంటి?"

"నీ గ్రైండర్ నువ్వు చూసుకో."

వారం తిరక్కుండా ఆ సందుల్లో సన్నటి నీటి పొక్కులు లేచాయి. వాడి భార్య ఎల్విరా పెరట్లో కలబంద కోసి గుజ్జు రాసింది, తగ్గాయి. తర్వాతి నేలకి మళ్లీ వచ్చాయి, ఈసారి మణికట్టు దాకా. పని లేని రోజుల్లో మాడిపోయేవి, బకెట్ తెరిచిన మర్నాడు లేచేవి. వీడు మాత్రం ఉల్లి అన్నాడు, దోమ అన్నాడు, కొత్త సబ్బు అన్నాడు. వారానికో నేరస్థుణ్ణి పట్టుకొచ్చేవాడు గానీ అసలువాడి వంక చూసేవాడు కాదు. ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక పొద్దున నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వ్యానెక్కాడు. ఇంకా ఎండే రాలేదు.

"సినిమాల్లో ఎప్పుడు చేరావ్ మేస్త్రీ?" అన్నాడు త్రీనో.

"కందిరీగ కుట్టింది."

"రెండు కళ్లకీనా?"

"రెండు కందిరీగలు."

వ్యాన్లో అందరూ పగలబడి నవ్వారు. వాడు నవ్వలేదు. వ్యాన్ గుంతలో పడి కుదిపినప్పుడు కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. వ్యాన్ నడిపేది నేనే, ముందు అద్దంలోంచి చూశాను. రెప్పలు నాలుగూ ఉబ్బి, మధ్యలో ఒక గీత మాత్రం మిగిలింది. ఆ గీతలోంచి వాడు నన్నే చూస్తున్నాడు. గబుక్కున అద్దాలు పైకి తోసుకున్నాడు. వ్యాన్ ఆసుపత్రి దారి పట్టించాను.

డాక్టరమ్మ చిన్న వయసుది. వేళ్లు విడదీసి చూసి, ఏం పని చేస్తారని అడిగింది. లిబ్రాదో చెప్పాడు. ఆమె చేతిలో కలం కింద పెట్టింది.

"దోన్ లిబ్రాదో, ఇది మీ రెండో డబ్బా మందు పని. మీ ఒళ్లు దాన్ని శత్రువు కింద జమకట్టేసింది. ఇంక మర్చిపోదు."

"ఎన్నాళ్లకి తగ్గుద్ది డాక్టరమ్మా?"

"పొక్కులు తగ్గుతాయి. ఆ పగ తగ్గదు. ముట్టుకున్నప్పుడల్లా ఇంకాస్త పెరుగుతుంది. ఇప్పటికి కళ్ల దాకా వచ్చింది. వచ్చేసారి గొంతు మూసుకుపోవచ్చు."

"అంటే?"

"అంటే ఊపిరాడదు. ఆ మందు చేత్తో తాకొద్దు. కలిపేచోట నిలబడొద్దు. వేరే పని చూసుకోండి."

బయటికొచ్చాక లిబ్రాదో ఒక తోపుడుబండి దగ్గర ఆగి, చింతపండు రసం పోసిన మంచుతురుము రెండు గ్లాసులు కొన్నాడు. ఒకటి నాకిచ్చాడు.

"ఎల్విరాకి చెప్పకు."

"చెప్తాను."

"కొంపాద్రేవి కదా నువ్వు."

"అందుకే చెప్తాను."

ఆ సాయంత్రమే చెప్పాను, వాళ్ల వంటింట్లో. ఎల్విరా రొట్టెలు కాలుస్తోంది. మక్లోవియా పక్కనే గిన్నెలు తుడుస్తోంది. మాట కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు, నేర్చుకోవాలని కూడా లేదు. గొంతు మూసుకుపోతుందన్న మాట దగ్గర ఎల్విరా చెయ్యి ఆగిపోయింది. పెనం మీద రొట్టె మాడిపోతున్నా చూసుకోలేదు. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఇంకోసారి ఆ బకెట్లో వేలు పెడితే ఈ గడప తొక్కకు."

గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే వాడు ఎదురు తిరిగేవాడే. తల వంచుకుని సరేనన్నాడు.

తర్వాతి పని బస్సులు బాగుచేసే షెడ్డులో. లిబ్రాదో ముక్కుకి మాస్కు కట్టుకున్నాడు, చేతులకి గ్లవ్స్ వేసుకున్నాడు. త్రీనో కేకేశాడు. వీడు వంగి వేలు ముంచాడు, రాశాడు, విడదీశాడు. మళ్లీ ముంచాడు. వాడి మొహం చూడలేకపోయాను. సంతలో పిల్లాడి చెయ్యి వదిలేసుకున్న మనిషిలా అటూ ఇటూ చూస్తున్నాడు.

"నాలుగు," అన్నాడు చివరికి.

మూడో పట్టీ మధ్యలోనే మందు రోలర్లని పట్టేసుకుంది. త్రీనో బకెట్‌ని బయటికి లాక్కెళ్తుంటే దాన్లోంచి తెల్లటి పొగ లేచింది. నేల మధ్యన ఈ మూల నుంచి ఆ మూలకి మచ్చ. అదంతా నేనే అరగదీశాను. అరగదీస్తూ వాడితో చెప్పాను, సగం సగం కలుపుదాం, నెమ్మదిగా గట్టిపడే మందు కూడా దొరుకుతుంది, వేడి కొలిచే యంత్రం ఒకటి కొందాం అని.

"యంత్రం జ్వరాలకి," అన్నాడు.

నేను కొన్నాను కూడా. వ్యాన్లో సీటు కింద పడుంది ఇప్పటికీ.

ఆ తర్వాతి పనిలో లిబ్రాదో మా అందరి ఎదుటే గ్లవ్ విప్పేసి వేలు ముంచాడు. పూత అద్దంలా పడింది. ఇంటికెళ్తున్నప్పుడు వాడి ఛాతీలోంచి ఈల వేసినట్టు చప్పుడు మొదలైంది. వ్యాన్లో కూలర్ మోతలో కూడా వినిపించింది. గుమ్మంలో నిలబడ్డ ఎల్విరా అది విన్నది. గడప మీద వాణ్ణి ఆపలేదు. మర్నాడు కూతుర్ని మాతో పంపింది.

మక్లోవియా టీవీలు బిగించే ఫ్యాక్టరీలో పనిచేసేది. ఆమె పనిచేసే విభాగం మూసేసి అందర్నీ ఇంటికి పంపేశారు. పొడుగాటి పిల్ల, నోరు తల్లి పోలిక. టోపీ పెట్టుకుని, నీళ్ల సీసా పట్టుకుని వ్యానెక్కింది.

"పద్రీనో, జరగండి. ఇవాళ్టి నుంచి నేను అపాకి పోలీసుని."

పద్రీనో అంటే జ్ఞానపితని, నేను. తండ్రిని మా వైపు పిల్లలు పిలిచినట్టే అపా అనేది. కొన్నాళ్లపాటు ఖాళీ బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని వాడి చేతుల్నే చూస్తుండేది. వాడు అటు కదిలితే చాలు, "చేతులు జేబులో పెట్టు అపా" అనేది. త్రీనో పడీ పడీ నవ్వేవాడు. లిబ్రాదో గొణిగేవాడు గానీ లోలోపల మురిసిపోయేవాడు. ఎందుకు మురవడు, పిల్ల రోజంతా పక్కనుండటం వాడికి ఆ వయసులో దొరికింది. కానీ ముట్టుకోకుండా అంచనా కట్టడంతో నేలలు మాత్రం వరసగా చెడిపోయాయి. ఎక్కువ చెప్తే మచ్చలు, తక్కువ చెప్తే సగం బకెట్ పారబోత. ఒసెగెరా చెయ్యి పోయిందని ఊళ్లో అనుకోవడం మొదలైంది. ఆ మాట నేనూ విన్నాను, మక్లోవియా కూడా విన్నది.

ఆ రోజు మందుబిళ్లల గోడౌను నేల. వాసనకే కళ్లు ఉబ్బుతున్నాయని లిబ్రాదో గుమ్మం అవతల ఎండలో నిలబడ్డాడు. త్రీనో మిక్సర్ ఆపాడు. ఎవరూ కదల్లేదు.

"క్లోవీ," అన్నాడు లిబ్రాదో బయట నుంచి. "నువ్వు చూడు. ఎలా ఉందో నాకు చెప్పు."

"గ్లవ్‌తోనా?"

"గ్లవ్‌తో తెలీదు."

మక్లోవియా లేచింది. తండ్రి వైపు చూసింది, కళ్లలోకి కాదు, గొంతు వైపు. తర్వాత చొక్కా చెయ్యి మడుచుకుని వేలు ముంచింది.

"వెచ్చగా ఉంది అపా."

"ఎంత వెచ్చగా? కాఫీయా, స్నానం నీళ్లా?"

"స్నానం నీళ్లు."

"దారం?"

"సాగుతోంది. తెగింది."

"ఎంత దూరంలో?"

"జానెడు కూడా లేదు."

"మూడు పట్టీలు," అన్నాడు గుమ్మం అవతల నుంచి.

మూడు పట్టీలూ మచ్చ లేకుండా పడ్డాయి. త్రీనో చప్పట్లు కొట్టాడు. లిబ్రాదో ఎన్నో నెలల తర్వాత నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మక్లోవియా థిన్నర్ గుడ్డతో వేలు తుడుచుకుంటోంది. లిబ్రాదోని పక్కకి లాక్కెళ్లాను.

"కన్న కూతురి వేలు పెట్టిస్తావురా అందులో?"

"మందు తప్పేం లేదు నబోర్. అది నా ఒంటి గుణం. నువ్వూ త్రీనో ఇన్నేళ్లు పూసుకున్నారు, మీకేమైంది? దానికి వాళ్లమ్మ చర్మం వచ్చింది."

"డాక్టరమ్మ అలా చెప్పలేదు."

"డాక్టరమ్మ దాని సంగతి చెప్పనే లేదు."

నా చేతుల మీద ఒక్క పొక్కూ లేదు. వాటిని చూపించి వాడు నా నోరు మూయించాడు. వాడి మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఎల్విరాకి కూడా చెప్పాను. ఆమె కూతుర్ని నిలదీసింది. మక్లోవియా జేబులోంచి గ్లవ్స్ తీసి చూపించి, "వేసుకుంటున్నానమ్మా" అంది. ఎల్విరా నావైపు అనుమానంగా చూసింది. ఆ పిల్లని విడిగా పట్టుకుని తిడితే, "మీ గ్రైండర్ మీరు చూసుకోండి పద్రీనో" అంది. అచ్చం తండ్రి మాట, తండ్రి గొంతు.

చలికాలం వచ్చేసరికి తండ్రి అడగాల్సిన పని లేకపోయింది. వంగడం, ముంచడం, విడదీయడం, అంకె చెప్పడం. త్రీనో పిలుపు కూడా మార్చేశాడు. "మేస్త్రమ్మా, రోగి సిద్ధం" అనేవాడు. ఒసెగెరా కూతురి వేలు అని ఊళ్లో పేరొచ్చింది. లిబ్రాదో వీధిలో నిలబడి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, దారినపోయేవాళ్లతో అది నా కూతురు అని చెప్పుకునేవాడు. వాడి పొక్కులు మాడిపోయాయి, ఛాతీలో చప్పుడు పోయింది, రంగు తేలాడు. ఎల్విరా చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది. నేను మాత్రం ఆ పిల్ల చేతులే చూసేవాణ్ణి. ఈస్టర్ తర్వాత ఆమె పొడుగు చేతుల చొక్కాలు వేసుకోవడం మొదలుపెట్టింది. ఎండకి అంది. మా ఊళ్లో అందరం ఎండకి అవే వేసుకుంటాం, కాబట్టి ఏమీ అనలేకపోయాను. ఒకసారి రొట్టె తింటూ అరచెయ్యి బల్ల అంచుకేసి రుద్దడం చూశాను. నేను చూస్తున్నానని తెలిసి ఆపేసింది.

ఆగస్టులో దోన్ ఫెర్మీన్ చియు తన హోటల్ వంటింటి నేల చెయ్యమన్నాడు. ఆయన తాతలు చైనా నుంచి పత్తి పనికి వచ్చినవాళ్లు. మా ఆదివారం భోజనాలన్నీ అక్కడే, సోయా పులుసులో వేసిన పచ్చటి మిరపకాయలూ నూడుల్సూ. హోటల్ మూసి మాకు తాళం ఇచ్చాడు. మధ్యాహ్నం ఎండ తిరిగాక వ్యాన్ తీశాను. మక్లోవియా చివర్న ఎక్కింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది.

"ఏంటా అద్దాలు?" అన్నాడు లిబ్రాదో.

"కందిరీగ కుట్టింది అపా."

వ్యాన్లో ఎవరూ నవ్వలేదు. త్రీనో కిటికీలోంచి బయటికి తిరిగిపోయాడు. ఆ కందిరీగల కథని ఏడాదిపాటు ఊరంతా చెప్పి నవ్వించినవాడు వాడే.

"రెండు కళ్లకీనా?" అన్నాడు లిబ్రాదో.

"రెండు కందిరీగలు," అని మక్లోవియా నవ్వబోయింది.

ఆ తర్వాత దారంతా లిబ్రాదో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు. హోటల్ దగ్గర దిగాం. ఎప్పటిలాగే పనిలో పడ్డాం, ఎందుకంటే ఇంకేం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. వంటింటికి ఒకటే తలుపు, గాలి లేదు. త్రీనో మందు కలిపాడు. మిక్సర్ ఆగింది. వాడు కేకెయ్యలేదు, గొణిగాడు.

"సిద్ధం."

మక్లోవియా వంగింది. వేలు ఇంకా మందుకి తగల్లేదు. లిబ్రాదో మాస్కు లేకుండా లోపలికొచ్చి కూతురి మణికట్టు పట్టుకున్నాడు. రెండో చేత్తో కళ్లద్దాలు తీశాడు. రెప్పలు ఉబ్బి, మధ్యలో గీత మాత్రం ఉంది. చొక్కా చెయ్యి పైకి తోశాడు. వేళ్ల సందుల నుంచి మోచేతి దాకా పొక్కులు, కొన్ని చితికి ఉన్నాయి.

"ఎప్పట్నుంచి?"

"ఈస్టర్ నుంచి."

"మీ అమ్మకి తెలుసా?"

ఆమె చొక్కా చెయ్యి కిందికి లాక్కోబోయింది. లిబ్రాదో ఆ చెయ్యి వదలకుండా బకెట్ పక్కనే నిలబడిపోయాడు. ఆ ఆవిరంతా వాడి మొహానికే తగులుతోంది. నేనే ఇద్దర్నీ బయటికి ఈడ్చాను. ఈడుస్తుంటేనే వాడి ఛాతీలో ఈల మొదలైంది. లోపల బకెట్ నాడి చూసేవాళ్లు ఎవరూ లేరు. కాసేపటికి త్రీనో దాన్ని వీధిలోకి లాక్కొచ్చి పేవ్‌మెంట్ పక్కన వదిలేశాడు. గాలి లేని ఎండలో దాని పొగ నిటారుగా లేచింది. బకెట్ అడుగు మెత్తబడి ఒక పక్కకి ఒరిగింది. దారినపోయేవాళ్లు ముక్కులు మూసుకుని రోడ్డు అవతలి వైపుకి వెళ్లిపోయారు.

ఆసుపత్రికి వ్యాన్ ఎలా నడిపానో నాకు గుర్తులేదు. వెనక సీట్లో తండ్రీకూతుళ్లు పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరికీ కళ్లు మూసుకుపోయాయి. లిబ్రాదో ఒక్కో ఊపిరినీ తాడుతో లాగినట్టు లాగుతున్నాడు. మక్లోవియా తడుముకుంటూ తండ్రి వీపు రాస్తోంది.

అదే డాక్టరమ్మ. ముందు లిబ్రాదోని పడుకోబెట్టి సూది వేసింది, మొహానికి ఆక్సిజన్ మాస్కు పెట్టింది. ఈల తగ్గేదాకా ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. తర్వాత మక్లోవియా చేతులు తీసుకుని వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూసింది. ఏం పని చేస్తావని అడగలేదు. చేతిలో కలం కింద పెట్టింది.

లిబ్రాదో ఆ మాస్కు పక్కకి లాగేశాడు.

"డాక్టరమ్మా, ఆ మాట మీరు చెప్పొద్దు. నేను చెప్తాను. నేర్పింది నేనే."

డాక్టరమ్మ ఆగింది. లిబ్రాదో లేచి కూర్చుని కూతురి చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"క్లోవీ. వచ్చేసారి..."

అక్కడ ఆగిపోయాడు. వాడి బొటనవేలు తనకి తెలియకుండానే ఆ పిల్ల చూపుడువేలి కొసని రాస్తోంది.

"తెలుసు అపా," అంది మక్లోవియా. "పద్రీనో మా వంటింట్లో చెప్పిన రోజు నేను అక్కడే ఉన్నాగా."

"తెలిసీ ఎందుకు పెట్టావే?"

ఆమె కళ్లు తెరుచుకోలేదు. మొహం మాత్రం తండ్రి గొంతు వినపడ్డ వైపుకి తిప్పింది.

"నువ్వు ముట్టుకోకుండా చూడమని కదా అమ్మ నన్ను పంపింది. నేను వచ్చాక నువ్వు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు కదా, అపా."